పాట చెరిపేసి పద్దులు రాసుకున్న చోట

ఫ్లోరెన్స్ వెళ్లొచ్చిన వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ ఎప్పుడైనా గమనించారా? ఎర్ర గుమ్మటం ముందు ఒక సెల్ఫీ, డేవిడ్ విగ్రహం దగ్గర ఒకటి, పాత వంతెన మీద సాయంత్రపు ఎండలో ఒకటి, చేతిలో జెలాటోతో ఇంకొకటి. వరుస కూడా పెద్దగా మారదు. ఆ గుమ్మటానికి ఐదారు నిమిషాల నడక దూరంలో శాన్ లొరెంజో అని ఒక చర్చి ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే కాంట్రాక్టరు పని మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడేమో అనిపిస్తుంది. ముందు గోడకి పాలరాయి లేదు, పూత లేదు. మొరటు రాళ్ల వరసలు అలాగే బయటికి కనిపిస్తుంటాయి. పాలరాతి ముఖభాగం కోసం మైకెలాంజెలో డిజైన్ చేసి ఇచ్చాడు కానీ అది కట్టడం జరగనే లేదు. చుట్టుపక్కల సందుల నిండా తోలు బ్యాగుల దుకాణాలు, బేరాలాడే టూరిస్టులు.

ఈ ఆవరణలో మూడు వస్తువులున్నాయి. ఒక సమాధి రాయి, ఒక బంగారు పుస్తకం, ఒక పద్దుల పుస్తకం. విడివిడిగా చూస్తే మూడూ మ్యూజియం సరుకే. కలిపి చదివితే మాత్రం 600 ఏళ్ల కిందటి పాటగాళ్ల కథ ఒకటి బయటికొస్తుంది. ఎవరు గుర్తుండిపోతారు, ఎవరు మాయమైపోతారు అనేది ఎవరి చేతుల్లో ఉంటుందో ఆ కథ చెబుతుంది. నేను ఫ్లోరెన్స్ వెళ్లింది దానికోసమే.

హెడ్‌ఫోన్స్‌లోంచి ఫ్లోరెన్స్ దాకా

నాకు సంగీతం రాదు. చదివింది కంప్యూటర్ సైన్స్, చేసేది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోడ్ రాసేటప్పుడు మాటలున్న పాటలు వింటే బుర్ర మాటల వెంట పోతుంది. అందుకని మాటలు అర్థం కాని పాటలు వెతుక్కుంటూ ఉంటాను. అలా ఒకసారి యూట్యూబ్ తనంతట తాను 14వ శతాబ్దపు ఇటలీ పాట ఒకటి వినిపించింది. రెండు గొంతులు, వాయిద్యం లేదు. రెండూ వేర్వేరు దారుల్లో పోతున్నాయి, ఎక్కడో కలుస్తున్నాయి, మళ్లీ విడిపోతున్నాయి. పని ఆపేసి విన్నాను.

దీన్నే పాలిఫొనీ అంటారు. మన కచేరీలో పాడే వరుస ఒకటే. వయొలిన్ ఆ వరుసనే అనుసరిస్తుంది, తంబూరా కింద శ్రుతి పట్టి ఉంచుతుంది. పాలిఫొనీలో అలా కాదు. రెండో మూడో గొంతులు ఒకే సమయంలో వేర్వేరు వరుసలు పాడతాయి. ఇళయరాజా పాటల్లో హీరో ఒక ట్యూన్ పాడుతుంటే వెనక కోరస్ ఇంకో ట్యూన్ అందుకుంటుంది చూడండి, అలాంటిదే అనుకోవచ్చు. కాకపోతే ఇక్కడ ముందు, వెనక అని ఉండదు. ఏ గొంతు వరుస దానిదే.

దీంట్లో ఒక ఇబ్బంది ఉంది. ఒక్కడే పాడితే ఎక్కడ ఎంతసేపు ఆగినా నడుస్తుంది. ముగ్గురు మూడు వరుసలు పాడుతుంటే ఏ స్వరం ఎంతసేపు ఉండాలో లెక్క తప్పకూడదు. ఆ లెక్కని కాగితం మీద పెట్టే పద్ధతి కావాలి. ఇటలీలో ఆ పద్ధతిని మార్కెత్తో ద పాదొవా అనే ఆయన 1318 ప్రాంతంలో వివరంగా రాసిపెట్టాడు. ఒక పెద్ద కాల ప్రమాణాన్ని రెండు గానో మూడు గానో విడగొట్టడం, వాటిని మళ్లీ చిన్న ముక్కలు చేయడం, ఒక గుంపు పూర్తవగానే చుక్క పెట్టడం. మనం కోడ్‌లో ఒక వాక్యం అయిపోయిందని సెమీకోలన్ పెట్టినట్టే. ఆ చుక్కల పద్ధతి మీద ఇటలీ ఊళ్లలో దాదాపు వందేళ్లపాటు ఒక కొత్త సంగీతం నడిచింది. 1300ల నాటిది కాబట్టి దాన్ని త్రెచెంతో సంగీతం అంటారు.

మొన్న నవంబరులో క్లయింట్ పని మీద మూడు వారాలు మిలాన్‌లో ఉండాల్సి వచ్చింది. అక్కణ్నుంచి ఫ్లోరెన్స్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో రెండు గంటలు. ఒక శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్నే ట్రైన్ ఎక్కేశాను.

గుడ్డివాడి చేతిలో ఆర్గాన్

శాన్ లొరెంజో లోపలికి అడుగుపెట్టగానే బయటి మొరటుతనం మర్చిపోతాం. బూడిద రంగు రాతి స్తంభాలు, తెల్ల గోడలు, కొలిచి గీసినట్టున్న కమానులు. డిజైన్ బ్రూనెలెస్కిది. ఊళ్లో ఆ ప్రసిద్ధమైన గుమ్మటం కట్టినాయనే. జనం నేరుగా మెదీచీల సమాధుల వైపు పోతారు. నేను కుడివైపు రెండో చాపెల్ దగ్గర ఆగాను. అక్కడ రొస్సో ఫియొరెంతీనో వేసిన మేరీమాత పెళ్లి చిత్రం ఉంది. 1523 నాటిది. గైడ్లు దాని గురించే చెప్పి ముందుకి పోతుంటారు. నేను చూడాల్సిన సమాధి రాయి ఉన్నదీ ఆ చాపెల్లోనే.

రాయి మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతుల్లో చిన్న ఆర్గాన్. చంటిబిడ్డలా ఒళ్లో పట్టుకుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండో చేత్తో మీటలు నొక్కే రకం. మన హార్మోనియానికి దూరపు చుట్టం అనుకోండి. ఆ మనిషి ఫ్రాంచెస్కో లాందీని. చిన్నప్పుడు మశూచి వచ్చి చూపు పోయింది. 1365 నుంచి ఈ శాన్ లొరెంజోలోనే ప్రార్థనలు జరిపించే చాప్లెన్‌గా ఉన్నాడు. 1397 సెప్టెంబరు 2న చనిపోయాడు. ఇప్పుడు మనం చూసే ఈ భవనం అప్పటికి లేదు. అతను పనిచేసిన పాత చర్చిని తీసేసి తర్వాత దీన్ని కట్టారు. అంటే సమాధి రాయి వయసు దాని చుట్టూ ఉన్న గోడల కంటే ఎక్కువ. మధ్యలో ఆ రాయి కూడా కనిపించకుండా పోయి 19వ శతాబ్దంలో మళ్లీ దొరికింది.

లాందీని పాటలు 150కి పైగా మనకి మిగిలాయి. 14వ శతాబ్దపు ఇటలీ పాటల్లో ఇప్పటిదాకా నిలిచినవాటిలో అది దాదాపు పావు వంతు. అతని పేరుతో ఒక చిన్న సంగీత ముద్ర కూడా ఉంది. పాట చివర షడ్జానికి చేరేటప్పుడు నిషాదం నుంచి నేరుగా పైకి వెళ్లకుండా ఒకసారి కిందికి ధైవతాన్ని తాకి, అక్కణ్నుంచి షడ్జానికి దూకడం. ని–ద–స. ఒకసారి చెవికి పట్టిందంటే అతని ప్రతి పాటలోనూ దానికోసం ఎదురుచూస్తాం. ఒక తోటలో అతను ఆర్గాన్ వాయిస్తుంటే పక్షులు ముందు మౌనంగా విని, తర్వాత రెట్టింపు జోరుతో కూశాయని, ఒక కోకిల లాంటి పిట్ట వచ్చి అతని తల మీది కొమ్మ మీద వాలిందని ఆ తరం వాళ్లు కథ రాసుకున్నారు. కథ మాట ఎలా ఉన్నా, బతికుండగానే అతనికి ఎంత పేరుందో దాన్ని బట్టి అర్థమవుతుంది.

కాబట్టి లాందీని గురించి మనం బెంగపడక్కర్లేదు. అతనికి రాయి ఉంది, పాటలున్నాయి, కథలున్నాయి. నా ఆలోచనంతా అతని పక్కన నిలబడ్డ మిగతావాళ్ల గురించి.

బంగారు పుస్తకం

చర్చి పక్కనున్న ముంగిట్లోంచి పై అంతస్తుకి వెళ్తే లారెన్షియన్ లైబ్రరీ. మైకెలాంజెలో డిజైన్ చేసిన మెట్లు లావా గడ్డకట్టినట్టు గది మధ్యలోకి జారుతుంటాయి. 1571లో జనానికి తెరిచారు. ఆ లైబ్రరీ భద్రంగా దాచిపెట్టిన పుస్తకాల్లో ఒకటి స్క్వార్చలూపి కోడెక్స్. మనలాంటి వాళ్లు వెళ్లి తిరగేసే వస్తువు కాదది. స్కాన్ చేసిన పేజీలు ఫోన్‌లో పెట్టుకుని, ఆ ముంగిట్లో నారింజ చెట్టు ఎదురుగా అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే జరుపుతూ చూశాను.

మొత్తం 216 తోలు కాగితాలు. 1410–1415 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లోనే తయారైంది. అందులో 353 పాటలు. ఒక్కొక్క సంగీతకారుడికి ఒక్కొక్క భాగం. ప్రతి భాగం మొదట్లో అతని బొమ్మ, చుట్టూ బంగారం, నీలం, ఎరుపు, ఊదా రంగుల్లో లతలు. ఇప్పటి భాషలో చెప్పాలంటే త్రెచెంతో సంగీతానికి 'కంప్లీట్ కలెక్షన్, డీలక్స్ ఎడిషన్'.

పేజీలు జరుపుతుంటే ఒక్కొక్కరూ పరిచయమవుతారు. యాకొపో ద బొలోన్యా వేరొనా రాజు కొలువులో పాడినవాడు. మహాకవి పెట్రార్క్ బతికుండగా ఆయన కవితకి ఎవరైనా కట్టిన సంగీతంలో మనదాకా వచ్చింది యాకొపోదొక్కటే. లొరెంజో ద ఫిరెంజె ఈ శాన్ లొరెంజో చర్చి పూజారుల్లోనే ఒకడు. 1348 నాటికే ఇక్కడున్నాడు. ఊళ్లో ప్లేగు విరుచుకుపడిన ఏడాది అది. గెరార్దెల్లో రాసిన వేట పాట ఒకటి నాకు భలే ఇష్టం. ఈ రకం పాటని కాచ్చా అంటారు, అంటే వేట అనే అర్థం. మొదటి గొంతు అందుకున్న వరుసనే రెండో గొంతు కాస్త ఆలస్యంగా మొదలుపెడుతుంది. ఒకడు ముందు పరిగెడుతుంటే ఇంకొకడు తరుముతున్నట్టు ఉంటుంది. మధ్యలో కుక్కల్ని పేర్లు పెట్టి పిలవడం, కొమ్ముబూర శబ్దాలు, అరుపులు. కళ్లు మూసుకుంటే అడవిలో ఉన్నట్టే.

ఇంకొకడు జాకర. తెరామో ఊరివాడు. పోప్ దగ్గర లేఖకుడిగా పనిచేశాడు. అతని చేతులకీ కాళ్లకీ కలిపి పది వేళ్లకి మించి లేవని, అయినా అక్షరం ముత్యంలా రాసేవాడని ఒక పాత రికార్డు చెబుతోంది. జాకర అనేది అసలు పేరు కాదు. పొట్టిగా ఉన్నాడని పెట్టిన ఎగతాళి పేరు. ఆ పేరే చరిత్రకెక్కింది. పుస్తకంలో అతని బొమ్మ వేసిన చిత్రకారుడు ఆ చేతిని దాచే ప్రయత్నం చేయలేదు.

మీకు సరదా అనిపించే సంగతి ఇంకోటి. ఈ పాటల్లో ఎక్కువ భాగం ప్రేమ పాటలు. రాసినవాళ్లలో ఎక్కువమంది సన్యాసులు, పూజారులు. విరహం, వేట, వసంతం, మాట వినని ప్రియురాలు. పొద్దున ప్రార్థన, సాయంత్రం ఇది.

పేరుంది, గీతలున్నాయి, పాట లేదు

అలా జరుపుతూ పోతుంటే ఒకచోట వేలు ఆగింది. పావోలో ద ఫిరెంజె భాగం. బొమ్మ ఉంది. పేరు ఉంది, గౌరవ బిరుదులతో సహా. స్వరాలు రాయడానికి ఆరేసి గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతల మీద ఒక్క స్వరం లేదు. తర్వాతి పేజీ ఖాళీ. దాని తర్వాతదీ ఖాళీ. అలా 16 ఆకులు.

పావోలో అనామకుడేం కాదు. ఒక మఠానికి అధిపతి. ఈ పుస్తకం తయారీలో అతని ప్రమేయం ఉండి ఉంటుందని అనుకునేవాళ్లూ ఉన్నారు. 1409 దాకా అతను ఎక్కువగా ఊళ్లో లేడు కాబట్టి పాటలు సమయానికి అందలేదేమో అని పండితుల ఊహ. స్థలం ఉంచారు, తర్వాత నింపుదామనుకున్నారు, నింపలేదు. మన భాషలో చెప్పాలంటే టేబుల్ సృష్టించారు, కాలమ్ పేర్లు పెట్టారు, డేటా మాత్రం ఎక్కించలేదు.

పుస్తకం చివర్లో అలాంటిదే ఇంకోటి. జొవాన్ని మత్సువోలి. ఫ్లోరెన్స్ చర్చిల్లో ఆర్గాన్ వాయించినవాడు, ఎంతగా అంటే జనం అతన్ని ఇంటిపేరుతో కాకుండా 'ఆర్గాన్ జొవాన్ని' అని పిలిచేంతగా. అతనికి కేటాయించిన భాగమూ ఖాళీనే.

ఆ పుస్తకానికి పేరిచ్చిన అంతోనియో స్క్వార్చలూపి సంగతి ఇంకా విచిత్రం. 1416లో పుట్టాడు, అంటే పుస్తకం తయారైన తర్వాత. ఫ్లోరెన్స్ పెద్ద చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు, సంగీతం కూడా కట్టేవాడు. పుస్తకం కొన్నాళ్లు అతని దగ్గరుంది కాబట్టి అతని పేరు దానికి పడింది. అతను కట్టిన సంగీతం మాత్రం ఒక్కటీ మిగల్లేదు. మిగతా అందరి పాటలూ మోస్తున్న పుస్తకం మీద పేరు అతనిది, లోపల అతని పాట లేదు.

పద్దుల కింద పాటలు

ఇక మూడో వస్తువు. ఇదీ శాన్ లొరెంజోదే. చర్చి పాలకవర్గం ఆర్కైవ్‌లో 2211 నంబరుతో ఉన్న పుస్తకం. పైకి చూస్తే 16వ శతాబ్దం మొదట్లో రాసిన ఆస్తుల రిజిస్టరు. చర్చికి ఏ ఇల్లు ఉంది, ఏ పొలం ఉంది లాంటి లెక్కలు. మన ఊళ్లో గుడి మాన్యాల రికార్డు లాంటిదే అనుకోండి.

ఆ లెక్కలు రాసింది కొత్త కాగితాల మీద కాదు. తోలు కాగితం ఖరీదైన సరుకు. గొర్రె చర్మమో మేక చర్మమో శుభ్రం చేసి, సాగదీసి, ఆరబెట్టి చేయాలి. అందుకని చర్చిలో పడున్న ఒక పాత పుస్తకం తీసి, దాని మీది రాతని గీకేసి, ఆ పేజీల మీదే ఆస్తుల పద్దులు రాసుకున్నారు. గీకేసిన ఆ పాత పుస్తకం 1420 ప్రాంతపు పాటల పుస్తకం.

ఆ గుమాస్తాని తిట్టుకోవాలని నాకు అనిపించలేదు. అతని వైపు నుంచి చూడండి. ఆ పుస్తకంలోని రాతపద్ధతి పాతబడిపోయి చాలాకాలమైంది. ఆ చుక్కల లెక్క చదివి పాడేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగిలి ఉండరు. 1501లోనే వెనిస్‌లో పాలిఫొనీ సంగీతం అచ్చవడం మొదలైంది. అంటే ఒకపక్క కొత్త పాటలు అచ్చులో వస్తున్నాయి, ఇంకోపక్క ఎవరికీ చదవడం రాని పాత చేతిరాత. దాన్ని చెరిపి పనికొచ్చేదేదో రాసుకుందామనుకోవడం చాలా మామూలు నిర్ణయం.

1980ల మొదట్లో ఫ్రాంక్ డకోన్ అనే అమెరికన్ సంగీత చరిత్రకారుడు ఆ పద్దుల వెనక స్వరాల నీడలు గుర్తుపట్టి, 1984లో దాని గురించి ప్రచురించాడు. అతినీలలోహిత దీపం కింద కొంత కనిపించింది, చాలా భాగం కనిపించలేదు. తర్వాత సాంకేతికత వచ్చింది. మల్టీస్పెక్ట్రల్ ఇమేజింగ్ అంటారు. ఒకే పేజీని వేర్వేరు కాంతుల్లో, అంటే అతినీలలోహితం నుంచి మనం చూసే రంగుల మీదుగా పరారుణం దాకా, విడివిడిగా ఫొటోలు తీస్తారు. సిరా గీకేసినా చర్మంలోకి ఇంకిన భాగం ఎంతో కొంత మిగులుతుంది. పై సిరా, కింది సిరా ఒక్కో కాంతికి ఒక్కోలా స్పందిస్తాయి. ఆ ఫొటోలన్నిటినీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి, పైనున్న రాతని వెనక్కి నెట్టి, కింది రాతని ముందుకి తెస్తారు. ఆండ్రియాస్ యాంకె, జాన్ నాదస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ చిత్రాల ఆధారంగా మిగిలిన 111 ఆకుల్నీ చదివి 2016లో పుస్తకంగా తెచ్చారు. రెండు వందలకి పైగా పాటల ఆనవాళ్లు దొరికాయి.

అందులో ఎవరి పాటలున్నాయో తెలుసా? ఆర్గాన్ జొవాన్నివి. అవును, బంగారు పుస్తకంలో ఖాళీ గీతలు మిగిలిన మత్సువోలివే. అతని కొడుకు పియెరోవి కూడా. తండ్రి 1426లో పోయాడు, కొడుకు 1430లో. వాళ్ల పాటలు మళ్లీ మనుషుల కంటబడటానికి ఐదున్నర శతాబ్దాలు పట్టింది.

పావోలో సంగతి? అతని పాటలూ దొరికాయి. ప్రస్తుతం పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఒక చేతిరాత పుస్తకంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. బంగారం పూత, మనుషుల బొమ్మలు లాంటి హంగులేం లేని, వాడుకకి రాసుకున్న పుస్తకం అది.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. కలకాలం నిలవాలని బంగారంతో చేసిన పుస్తకం ఆ ఇద్దరికీ బొమ్మకి, పేరుకి, గీతలకి చోటిచ్చింది, పాటకి ఇవ్వలేకపోయింది. వాడుక పుస్తకం ఒకరిని కాపాడింది. చెరిపేసిన పుస్తకం ఇంకొకరిని కాపాడింది. చెరిపేయడం వల్లే కాపాడింది అని కూడా అనొచ్చు. వాడుకలో లేని పాటల పుస్తకాలు ఎన్నో చిరిగి, వేరే పుస్తకాలకి అట్టలుగా అతుక్కుని పోయాయి. దీని మీద చర్చి ఆస్తుల లెక్క ఉంది కాబట్టి ఎవరూ పారేయలేదు. పాట కోసం ఎవరూ దాచరు. పొలం లెక్క కోసం అయితే ఐదొందల ఏళ్లయినా బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

నా ఉద్యోగం ఇలాంటిదే కాబట్టి ఇది నాకు కాస్త గట్టిగా తగిలింది. నేను చేసేది డేటా మైగ్రేషన్. ఒక కంపెనీ పాత సిస్టమ్ మూసేసి కొత్తదానికి మారుతుంటే ఏ డేటా వెంట తీసుకెళ్లాలి, ఏది అక్కడే వదిలేయాలి అని జాబితా తయారుచేస్తాం. ప్రతి టేబుల్‌కీ ఒక ప్రశ్న: గత రెండేళ్లలో దీన్ని ఎవరైనా వాడారా? వాడకపోతే ఎర్ర రంగు. ఎర్ర రంగు పడ్డవన్నీ ఒక రోజు రాత్రి ఒక్క కమాండ్‌తో పోతాయి. లెక్కలు, పన్నుల రికార్డులకి మాత్రం చట్టం ఉంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు. మిలాన్‌లో నేను చేస్తున్నదీ అదే పని. ఆ జాబితాలో ఉద్యోగులు ఇరవై ఏళ్లుగా రాసుకున్న నోట్స్ ఉన్న టేబుల్ ఒకటుంది. మెషిన్ ఎందుకు ఆగింది, ఎలా బాగుచేశారు, ఎవరికి ఫోన్ చేయాలి లాంటివి. రెండేళ్లుగా ఎవరూ తెరవలేదు.

ఆ గుమాస్తా కూడా చేసింది ఇదే కదా. అతనికి మనకి తేడా ఒక్కటే. అతను గీకితే చర్మంలో కాస్త సిరా మిగిలింది. మనం చెరిపితే మల్టీస్పెక్ట్రల్ కెమెరాకి కూడా ఏమీ మిగలదు. సోమవారం మీటింగ్‌లో ఆ టేబుల్‌ని ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌గా తీసి పక్కన పెడదామన్నాను. స్టోరేజ్ ఖర్చు ఎంతని అడిగారు. చెప్పాను. పెద్ద మొత్తం కాకపోవడంతో సరే అన్నారు. ఎవరికైనా పనికొస్తుందా అంటే నాకు తెలియదు. పారిస్ పుస్తకం రాసుకున్నవాడికి కూడా తెలిసుండదు.

వినాలంటే, వెళ్లాలంటే

ఈ సంగీతం ఎందుకు మరుగునపడిందో అర్థం చేసుకోవడానికి ఒక్క తేదీ చాలు. 1436 మార్చి 25. ఫ్లోరెన్స్ పెద్ద చర్చికి ప్రతిష్ఠ జరిగింది. ఆ వేడుకకి సంగీతం కట్టింది ఊరివాడు కాదు, ఉత్తరాది నుంచి వచ్చిన గియోమ్ దుఫాయి. అప్పటికే ఇటలీ కొలువులన్నిటా ఉత్తరాది సంగీతకారులదే రాజ్యం. వాళ్ల శైలి వేరు, వాళ్ల రాత వేరు. ఆ ఏడాది సెప్టెంబరులో కూడా పావోలో బతికే ఉన్నాడని రికార్డులున్నాయి. ఊరంతా కొత్త సంగీతం మోగుతుంటే, తన ఖాళీ పేజీలున్న పుస్తకం ఉన్న ఊళ్లోనే ఆ ముసలి మఠాధిపతి చివరి రోజులు గడిపాడు.

మీరు మొదలుపెట్టాలంటే లాందీని వసంతం పాట 'ఎక్కో లా ప్రిమావేరా'తో మొదలుపెట్టండి. రెండు నిమిషాల లోపే అయిపోతుంది, కాలు తాళం వేస్తుంది. తర్వాత గెరార్దెల్లో వేట పాట 'తోస్తో కె లాల్బా'. స్పాటిఫైలోనూ యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి ఒక గొంతునే పట్టుకుని వినండి. రెండోసారి ఇంకో గొంతుని. మూడోసారి రెండూ వాటంతట అవే వినిపిస్తాయి.

వెళ్లేట్టయితే లైబ్రరీ సమయాలు ముందే చూసుకోండి. నేను శుక్రవారం సెలవు పెట్టుకున్నది అందుకే. చర్చి వెనక ఉన్న పెద్ద మార్కెట్‌లో ఆకలి తీర్చుకోవచ్చు. లాంప్రెదొత్తో అని ఆవు పొట్ట భాగాన్ని ఉడికించి బ్రెడ్‌లో పెట్టి ఇస్తారు. మన బోటీ తిన్నవాళ్లకి ఇబ్బందేం ఉండదు.

తిన్నాక ఒక పది నిమిషాలు నడవండి. సంతిస్సిమ అన్నుంత్సియాతా చర్చి వస్తుంది. ముందు విశాలమైన చౌరస్తా, పక్కన బ్రూనెలెస్కి కట్టిన అనాథాశ్రమం కమానులు. ఈ చర్చి సన్యాసుల్లో ఒకడు ఆంద్రేయా. బంగారు పుస్తకంలో అతని పాటలు 29 ఉన్నాయి, బయటివాళ్లకి పేరు కూడా తెలియదు. 1379లో ఇక్కడ ఆర్గాన్ పని జరిగినప్పుడు లాందీనిని సాయానికి పిలిచాడు. గుడ్డివాడైనా లాందీని చెవికి ఆ ఊళ్లో తిరుగులేదు. ఇద్దరూ కూర్చుని ఒక్కో గొట్టాన్నీ శ్రుతి చేశారు. మూడు రోజులు పట్టింది.

మూడు రోజులని మనకెలా తెలుసంటే, ఆ మూడు రోజులూ వాళ్లిద్దరూ తాగిన వైన్‌కి అయిన ఖర్చు మఠం పద్దుల్లో రాసి ఉంది. ఆ ఆర్గాన్ ఇప్పుడు లేదు. అది ఎలా మోగిందో ఎవరికీ తెలియదు. వైన్ బిల్లు మాత్రం భద్రంగా ఉంది.